నీళ్లొదిలిన లెక్క

బ్యాంకువాళ్లు నా బాకీలో
ఆరు లక్షల నలభై వేలకి నీళ్లొదిలేశారు.
నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ నడిపే మనిషిని,
నీళ్ల సంగతి నాకైనా తెలిసుండాల్సింది.

ఒదిలిన నీరు ఎక్కడికీ పోదు.
దిమ్మ కరిగితే గచ్చు మీదుంటుంది,
గచ్చు మీంచి తూముకి, తూములోంచి కాలవకి,
కాలవలోంచి వశిష్ఠకి.
ఎవడో ఒకడు ఎక్కడో ఒక లాకు దగ్గర
కర్ర దించి కొలిచే ఉంటాడు.

ఉత్తరం వచ్చిన రోజు మాత్రం
కుర్రాళ్లకి తలో గోళీసోడా కొట్టించాను.
అమ్మోనియా వాసనలో నిలబడే తాగాం.
ముప్పావు నేను తీర్చాను, పావు వాళ్లే కొట్టేశారు,
ఇక ఎవరికీ బాకీ లేనర్రా అని
కంప్రెసరు మోతకి పైన అరిచి చెప్పాను.

జూలైలో ఆడిటరు చెరుకువాడ కామేశంగారు
కళ్లజోడు నుదుటి మీదకి తోసి
"నూకరత్నంగారూ, ఆ మాఫీ ఉంది చూశారూ,
అది ఈ ఏటికి మీ ఆదాయం" అన్నారు.
ఎక్కడండీ, ఏ కొంగున ఉంది అన్నాను.
"కరెంటు బిల్లులకనీ, ఉప్పుకనీ, జీతాలకనీ
వ్యాపారానికి తెచ్చి ఖర్చు రాసుకున్నారు కదా.
కట్టక్కర్లేదన్న రోజున అది రాబడే."
రాని డబ్బు రాబడి.
మా అమ్మ ఉండుంటే ఈ మాటకి
చెరుగుతున్న చాట ఆపి మరీ నవ్వేది.

పాత నష్టాలుంటే అడ్డం పెట్టొచ్చట.
ఉన్నాయి. రొయ్యకి తెల్లమచ్చ పట్టి
ఐసడిగే లారీ లేక
నెల్లాళ్లు దిమ్మలు డబ్బాల్లోనే కరిగిన ఏడు.
ఆ ఏటి రిటర్ను గడువు దాటాక వేశాం.
వేళకి చెప్పుకోని నష్టం నష్టం కాదట.
ఆ మాట అనేటప్పుడు ఆయన నా వంక చూడలేదు.

సరే, పన్ను కట్టాను, గొలుసు కుదువ పెట్టి.
అంటే, మాఫీ అయిన అప్పు కోసం అప్పు చేసి.

వానలు వెళ్లాక కంప్రెసరు మూలిగింది.
ఇంకో బ్యాంకుకి వెళ్లాను. కొత్తగా వచ్చిన పిల్ల, ప్రవల్లికట,
స్క్రీను నా వైపు తిప్పింది.
నా పేరు, నా పాన్, నా పదిహేనేళ్లు,
చివర ఒక్క మాట: సెటిల్డ్.
తీరిందనే కదమ్మా అన్నాను.
"తీరితే క్లోజ్డ్ అని ఉంటుందండి.
ఇది, తీర్చలేకపోతే ఒదిలేశారని."
ఏడేళ్లు అలాగే కనపడుతుందట.
మిగతాది ఇప్పుడు కట్టేస్తే మాట మారుస్తారట.
వాళ్లే ఒదిలిన సొమ్ముని.
నేను పన్ను కూడా కట్టేసిన సొమ్ముని.
మెత్తటి పిల్ల. మంచినీళ్లిచ్చింది.
నీళ్లు చల్లగా లేవు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫ్యాక్టరీకెళ్లాను.
ఊక కప్పితే దిమ్మ కనపడదు,
చెయ్యి పెడితే మాత్రం తెలుస్తుంది.
ఎందుకో నా అట్టపుస్తకం తీశాను.
వేట లేని ఆ నెలల్లో పడవలవాళ్లకి
నేనూ ఒదిలాను.
నాగిడి పెంటయ్య, నూట పన్నెండు దిమ్మలు.
అడ్డంగా ఎర్రసిరా గీత,
పక్కన నా చేత్తో: ఒదిలేశాను.
గీత కొట్టాను గానీ చెరపలేదు.
గీత కింద అంకె శుభ్రంగా చదవొస్తుంది.
నిజం చెప్పాలంటే, పెంటయ్య అరువడిగినప్పుడల్లా
ముందు ఆ పేజీయే తిప్పుతాను.

తెల్లారుఝామున నాలుగింటికి వచ్చాడు, లుంగీ ఎగ్గట్టి,
రేవులో పడవ ఇంజను ఆపకుండానే.
ముప్పై దిమ్మలు, సగం డబ్బు ఇప్పుడు, సగం వేటయ్యాక.
పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది.
అతనికి చదువు రాదు. ఎరుపు తెలుస్తుంది కదా.
"నా పేరు పక్కనేం రాశావమ్మా?"

తేదీ, అన్నాను.
అని క్రషరు స్విచ్చి వేశాను,
ఇంకేమన్నా అడిగినా వినపడకుండా.